ఇంకా పండుగ కాలేదు

మా అత్తమ్మ పోయింది. ఆ కబురు వచ్చినప్పుడు నేను గూడెంలో ఆమె వాకిట్లో కూర్చుని, ఆమె ఏరిన ఇప్పపూలనే ఎండలో తిరగేస్తున్నాను. ఖమ్మం నుంచి మా ఆయన ఫోన్ చేసి "అమ్మ ఇగ లేదు" అని ఊరుకున్నాడు. నేను "అవునా" అన్నాను, బస్సు వెళ్లిపోయిందని ఎవరో చెబితే అన్నట్టు. ఎందుకట్లా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు పూలు తిరగేస్తూనే ఉన్నాను. అడుగున తడి మిగిలితే బూజు పడుతుందని ఆమె చెప్పి ఉంది మరి.

మీకెవరికీ ఆమె తెలిసి ఉండదు. టేకులపల్లి దాటి, తారురోడ్డు వదిలి అడవిలోకి మళ్లితే వచ్చే చిన్న కోయగూడెం ఆమెది. కన్న పిల్లల్లో ఒక్కడే దక్కాడు. ఆ ఒక్కడూ చదువుకుని కరెంటు లైన్‌మన్ అయ్యాడు. నేను వైరా పక్క రైతుల ఇంటి పిల్లను, కొత్తగూడెంలో ఒక స్కూల్లో పాఠాలు చెబుతాను. మేమిద్దరం ఇష్టపడి చేసుకున్నాం. నాకు నోరెక్కువ అని పుట్టింట్లో పేరు, అత్తింట్లో కూడా ఆ పేరు నిలబెట్టుకున్నాను. అంత నోరున్న దాన్ని ఆ రోజు దవాఖానాలో నేను చెప్పిన మాట ఒక్కరికీ ఎందుకు ఎక్కలేదో అర్థం కాక ఇది రాస్తున్నాను. రాస్తే అర్థమవుతుందన్న నమ్మకం కూడా లేదు.

పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం ఆమె వెంట ఇప్పచెట్టు కిందికి వెళ్లాను. ఏ చెట్టు ఏ ఇంటివాళ్లదో గూడెంలో అందరికీ తెలుసు, ఒకరి చెట్టు కింద ఇంకొకరు గంప పెట్టరు. సాయంత్రమే చీపురుతో ఆకులన్నీ ఊడ్చి చెట్టు కింద నేల శుభ్రం చేసి ఉంచింది ఆమె. తెల్లవారుతుంటే పూలు టపటపా రాలుతున్నాయి. మీగడ రంగులో, ఉబ్బిన ద్రాక్షపండంత ఉన్నాయి. నాలుగు ఏరి ఒకటి నోట్లో వేసుకున్నాను. అంతే, ఆమె గబుక్కున వచ్చి నా దవడలు రెండూ ఒక్క చేత్తో పట్టేసింది, మట్టి తిన్న చంటిపిల్లను పట్టుకున్నట్టు.

"ఉమ్మెయ్ బిడ్డా. ఇంకా పండుగ కాలె. పెద్దోళ్లకు పెట్టకముందు మనం ముట్టొద్దు."

ఉమ్మేశాను. నాకు బాగా కోపం వచ్చింది కూడా. తర్వాత మా ఆయన చెప్పాడు. కొత్తగా చేతికొచ్చింది ఏదైనా సరే, గూడెమంతా కలిసి పండుగ చేసి, పోయిన పెద్దలకు మోదుగాకులో తొలిభాగం పెట్టేదాకా ఎవరూ నోట పెట్టకూడదు. ఇప్పపువ్వుకైతే పట్టింపు మరీ ఎక్కువ. ఏరవచ్చు, ఎండబెట్టవచ్చు, రాత్రీ పగలూ దాని వాసనలో బతకవచ్చు. నాలుకకు మాత్రం తగలకూడదు. చెప్పొద్దూ, పండుగ అయ్యాక ఆమె మళ్లీ వేరే మనిషి. ఇప్పసారా ఆకుదొప్పలో పోస్తే ఇష్టంగా తాగేది, పాడేది, నన్ను చెయ్యి పట్టి ఆటలోకి లాగేది. దాచి రాయడం నాకు చేతకాదు. పండుగనాడు మా అత్తమ్మ తాగేది.

ఒకసారి వైరాకు మా అమ్మావాళ్లింటికి వచ్చింది. వస్తూ ఎండు ఇప్పపూల మూట తెచ్చింది. మా అమ్మ ఆ వాసనకు బెదిరిపోయి, ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని మూట తీసి అటక మీద పెట్టేసింది. మర్నాడు పొద్దున మా అత్తమ్మే నిచ్చెన వేసుకుని ఎక్కి దింపి, పూలు వేయించి, నువ్వులూ బెల్లమూ వేసి దంచి ఉండలు కట్టింది. మా అమ్మ మొహమాటానికి ఒకటి తిన్నది, తర్వాత మొహమాటం లేకుండా తిన్నది. సాయంత్రం రిజర్వాయరు చూపించడానికి తీసుకెళ్తే కట్ట మీద నిలబడి చాలాసేపు చూసి, "గిన్ని నీళ్లు ఒక్కతాన పెట్టుకొని మీవోళ్లు ఎండిందని ఏడుస్తరేంది?" అని అడిగింది. మా నాన్న నవ్వలేక దగ్గాడు.

ఎడమ దవడలో ఎప్పుడూ ఇంత పొగాకు పెట్టుకునేది. అందుకని ఆమె మూతి ఎప్పుడూ ఒక పక్కకు కాస్త ఒరిగే ఉండేది, మాట ఇంకో పక్క నుంచి వచ్చేది. కొడుకుతో కోయలో మాట్లాడేది, నాతో తెలుగులో. కోపం వస్తే రెండూ కలిపేది. అన్నం పెట్టి చాలా అని అడిగేది కాదు, గరిటె పట్టుకుని ఊరికే నిలబడేది. మనం చెయ్యి అడ్డం పెడితేనే కదిలేది. ఎవరికైనా మంచినీళ్లు ఇవ్వాలన్నా కుడిచేత్తోనే. నేను పరధ్యానంలో ఎడమచేత్తో గ్లాసు అందిస్తే తీసుకునేది కాదు, గాల్లో అట్లాగే ఉంచేసేది.

మా ఆయనా నేనూ ఒకరోజు మాటామాటా అనుకుంటే ఆమె మధ్యలోకి రాలేదు. గొడ్డలి తెచ్చి నా చేతిలో పెట్టి పెరట్లోకి చూపించింది. "కోపమొస్తే కట్టెల మీద తీయ్ బిడ్డా, మనిషి మీద గాదు" అన్నది. నాకు కట్టెలు కొట్టడం రాదు. రెండు దెబ్బలు వేసేసరికి గొడ్డలి మొద్దులో ఇరుక్కుపోయింది. దాన్ని ఊడదీయడానికి మళ్లీ మా ఆయన్నే పిలవాల్సి వచ్చింది. ఆమె గడపలో కూర్చుని పొగాకు నలుపుకుంటూ చూసింది.

దవాఖానాకు తీసుకెళ్లిన రోజు ఆదివారం. ముందురోజు గాలిదుమారానికి ఎక్కడో లైను తెగిందని మా ఆయనకు పిలుపొస్తే పొద్దున్నే వెళ్లిపోయాడు. నేనూ అత్తమ్మా చెట్టు కిందికి వెళ్లాం. గంప నిండింది. ఆమె లేవబోయి, పక్కకు ఒరిగి, గంప మీదే పడిపోయింది. పూలన్నీ ఆమె కింద నలిగి రసం రవికెకూ చీరకూ పట్టేసింది. కాలు జారిందనుకున్నాను. లేపి కూర్చోబెడితే ఏదో అన్నది. నాకు అర్థం కాలేదు. కోయలో అంటోందనుకున్నాను. అవి నాకు రాని మాటలో, ఆమెకు రాకుండా పోయిన మాటలో ఇప్పటికీ తెలియదు. తర్వాత మా ఆయన ఏమన్నదని అడిగితే ఆ చప్పుడు అనుకరించి చూపించాను. అతను చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

పక్కింటి వదిన కేక వేస్తే ఆటో వచ్చింది. ఎండెక్కకముందే మాకు దగ్గరలోని పెద్ద దవాఖానాలో ఉన్నాం. జల్దీగానే తెచ్చామని నేను ధైర్యంగా ఉన్నాను. క్యాజువాలిటీలో అప్పుడే బండి మీద నుంచి పడ్డ ఇద్దర్ని తెచ్చారు. ఒకడి తల నిండా నెత్తురు, వాళ్లవాళ్ల ఏడుపులు. డ్యూటీ డాక్టరు చిన్నవాడే. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఎప్పుడు నిద్రపోయాడో. చేతి తొడుగులు మార్చుకుంటూ మా దగ్గరికి వచ్చి ఆమె మీదికి వంగాడు. వంగినవాడు ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"తాగిందా అమ్మా?"

"లేదు సార్. ఇంకా పండుగ కాలేదు."

ఆయన నావైపు చూశాడు. మా అత్తమ్మ గురించి నాకు తెలిసినవాటిలో అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. ఎవరి మీద ఒట్టు వేసినా అంత గట్టిగా ఉండదు. ఆ మాట ఆయన చెవికి ఎట్లా వినిపించి ఉంటుందో ఇప్పుడు ఊహించుకుంటే నాకే నవ్వొస్తుంది, నవ్వుతూ ఉండగానే ఏడుపొస్తుంది.

"పండుగ కాకపోతే తాగరా?" అన్నాడు. సిస్టర్ కూడా నవ్వింది. వెటకారం కాదు, అలిసిపోయినవాళ్ల నవ్వు. నేను గడగడా చెప్పుకుపోయాను. పూలు ఏరుతూ పడిపోయింది, పూల మీదే పడింది, ఇది ఆ వాసన అని. అసలు అలవాటు లేదా అని అడిగాడు. పండుగకు తాగుతుందని నిజమే చెప్పాను. మాట తేడాగా ఉందన్నాను. తాగినప్పుడు అట్లాగే ఉంటుందన్నాడు. మూతి సంగతి అడిగాడు. ఎప్పుడూ పొగాకుతో ఒక పక్కకే ఉంటుందని అదీ నిజమే చెప్పాను. ఆయన బీపీ చూశాడు, కళ్లలో లైటు వేసి చూశాడు, సెలైన్ పెట్టమన్నాడు. "భయపడకమ్మా, సాయంత్రానికి లేస్తది" అని నా భుజం తట్టాడు. బండి మీద పడ్డవాడు అరవడంతో అటు పరిగెత్తాడు.

నేను చెప్పినవన్నీ నిజాలే. ఆ నిజాలన్నీ కలిసి ఒక అబద్ధమెట్లా అయ్యాయో నాకు అంతు పట్టడం లేదు.

వరండాలో మంచం ఇచ్చారు. ఆమె మగతగా పడుకుంది. మధ్యలో కళ్లు తెరిచి నా కొంగు పట్టుకుంది, ఎడమచేత్తో. ఎడమచేత్తో మంచినీళ్ల గ్లాసు కూడా ముట్టని మనిషి. నిద్రమత్తు అనుకున్నాను. సిస్టర్ దగ్గరికి వెళ్లి ఇంకోసారి చూడమని అడిగాను, మళ్లీ వెళ్లి అడిగాను, గొంతు పెంచి కూడా అడిగాను. పడుకోనివ్వండమ్మా అన్నది. ఎండకు ఆ చీరలో పట్టిన పూలరసం పులిసి, అచ్చం సారా వాసనే రావడం మొదలైంది. పక్క మంచాల వాళ్లు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. పొద్దుటి నుంచి ఆమె పక్కనే ఉన్న నాకే ఒక క్షణం అనుమానమొచ్చింది. మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్తంభం మీద ఉంటే ఎత్తడు.

సాయంత్రం డ్యూటీ మారింది. ఒక డాక్టరమ్మ వచ్చింది. మంచాల వెంట నడుచుకుంటూ మా దగ్గర ఆగి, నన్నేమీ అడగకుండా అత్తమ్మ చేతులు రెండూ పైకెత్తి వదిలింది. ఎడమది మెల్లగా దిగింది. కుడిది దబ్బున మంచం మీద పడింది. ఆమె ఇంకోసారి ఎత్తి వదిలింది. మళ్లీ అంతే.

"ఎప్పటి నుంచి ఇట్లా?" అని అడిగింది.

"పొద్దుటి నుంచి."

"పక్షవాతం అమ్మా ఇది. పొద్దున్నే తీసుకొచ్చి ఉంటే..."

"పొద్దున్నే తెచ్చినం మేడం."

ఆ తర్వాత డాక్టరమ్మ చేతులు ఆగలేదు. ఎవరెవరికో ఫోన్లు చేసి, స్కాన్ కోసం ఖమ్మం పంపే ఏర్పాటు చేసింది. వాసన సంగతి చెబితే, "తాగినా సరే, చేతులు చూడాలి కదా" అని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నది. పొద్దున్నే మందు ఇస్తే బతికేదా అని అడిగాను. కొందరికి పని చేస్తుంది, కొందరికి చేయదు అన్నది. ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. అవునని అన్నా ఏడ్చేదాన్ని, కాదని అన్నా ఏడ్చేదాన్ని. మా ఆయన అప్పటికి వచ్చాడు. అంబులెన్సులో ఒక్కరికే చోటని అతను ఎక్కాడు. ఇంటికి పోయి ఆమె బట్టలు సర్దమని, పొద్దున బస్సుకు రమ్మని నాతో అన్నాడు. అట్లా నేను గూడెంలో ఉండిపోయాను. పొద్దున ఏ బస్సూ ఎక్కే పని లేకుండానే ఫోన్ వచ్చింది.

పోవడం ఒక ఎత్తు, ఆ తర్వాతిది ఇంకో ఎత్తు. తాగిందని దవాఖానాలో అన్నారన్న మాట మా కంటే ముందే ఊరికి చేరింది. ఆటో అతను చెప్పాడో, ఇంకెవరు చెప్పారో. పట్నంలో ఆ మాటకు పెద్ద విలువ లేదు, తాగితే తాగింది అంటారు. గూడెంలో దానికి వేరే అర్థం వచ్చింది. పండుగ కాకముందే ముట్టిందట. పెద్దోళ్ల కంటే ముందు తానే రుచి చూసిందట, అందుకే చెట్టు కిందే పడిపోయిందట. ఆమెను సాగనంపి వస్తుంటే వెనకాల ఈ గుసగుస విన్నాను. ఆ డాక్టరుకు తన నోటి నుంచి వచ్చిన మాట ఎంత దూరం నడిచిందో తెలియదు. పెద్దలకు పెట్టకుండా తిన్నదన్న మాట పడ్డాక, రేపు పండుగలో ఆ పెద్దల వరసలో ఆమెకు ఆకు వేస్తారా? మా ఆయన దిగులంతా అదే.

అతను ఇల్లంతా వెతికాడు. ఏమీ దొరకకూడదనే వెతికాడు. వడ్ల గుమ్మి వెనక ఒక సీసా దొరికింది, అడుగున కాస్త పాతసారాతో. పోయినేడాదిది. దాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. పండుగకు పెద్దలకు పోయడానికి దాచిందే అన్నాను నేను.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు.

నాకు తెలియదు. తెలుసని మాత్రం గట్టిగా అనిపించింది, అంతే.

ఆ డాక్టరును అడిగేద్దామని నేనొక్కదాన్నే బయల్దేరాను. బస్సులో దారిపొడవునా మాటలు పేర్చుకున్నాను. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నేను నోరు తెరిచేలోపే, "అమ్మ ఎట్లున్నది ఇప్పుడు?" అని అడిగాడు. ఆయనకెవరూ చెప్పలేదు. పోయిందన్నాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పక్షవాతమట అన్నాను. "వాసన వచ్చిందమ్మా..." అని ఆగిపోయాడు. తర్వాత మెల్లగా, "ఆ రోజు ఏదో పండుగ అన్నారు కదా, ఏం పండుగ?" అని అడిగాడు. చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా నిలబడే విన్నాడు. బయట ఎవరో సార్ సార్ అని పిలుస్తున్నా కదల్లేదు. నేను పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. ఆయన్ని తిట్టనూ లేదు, క్షమించనూ లేదు. తిట్టాల్సింది ఈయన్నా, అంతమంది రోగులకు ఒక్క డాక్టరునే పెట్టినవాళ్లనా, లేక ముక్కుకు ముందు దొరికినదాన్నే నమ్మే మనందరి బుద్ధినా? ఇంటికొచ్చి పెరట్లోకి వెళ్లి గొడ్డలి తీసుకున్నాను. ఈసారి మొద్దు చీలింది. కోపం మాత్రం ఎవరి మీద తీయాలో తేలలేదు.

ఇప్పపూల పండుగ వచ్చింది. గూడెం చివర చెట్ల కింద అందరూ చేరారు. ఎప్పుడో పోయిన మా మామకు అన్న, మేము పెద్దయ్య అని పిలిచే ముసలాయన, మోదుగాకులు వరసగా పరుస్తున్నాడు, పోయిన ఒక్కొక్కరికి ఒక్కో ఆకు. మా ఆయన దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా అత్తమ్మ వంతు వచ్చేసరికి పెద్దయ్య చెయ్యి ఆగింది. వెనకాల ఎవరో సణిగారు. ఆయన తలెత్తి నన్ను చూశాడు.

"ఆ పొద్దు నువ్వే ఉన్నవ్ గద బిడ్డా. ముట్టిందా?"

"ముట్టలే పెద్దయ్యా. నేను వచ్చిన ఏడు ఒక్క పువ్వు నోట్లేసుకుంటే నా దవడలు పట్టుకొని ఉమ్మించింది. గామె ముడతదా?"

అప్పుడు పక్కింటి వదిన, తెలియకుండానే అనుకుంటాను, తన దవడ మీద చెయ్యి వేసుకుంది. "నాది గూడ పట్టింది" అన్నది. వెనక నుంచి ఇంకొకామె, నావీ అన్నది. మీసాలు నెరిసిన ఒకాయన, చిన్నప్పుడు మామిడిపిందె కొరికితే తనకూ అదే అయిందని సిగ్గుపడుతూ చెప్పాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు అందరికీ పాకింది. చూస్తే ఆ గూడెంలో ఆమె పట్టని దవడ లేదు. గుసగుసలాడిన దవడలతో సహా.

పెద్దయ్య కోయలో ఏదో అని ఆకు వేశాడు, దోసెడు కొత్తపూలు పెట్టాడు. మా ఆయన ముందుకొచ్చి జేబులోంచి ఆ సీసా తీసి, అడుగున ఉన్న పాతసారా చుక్క మిగలకుండా ఆకు పక్కన నేల మీద పోశాడు. అప్పటిదాకా ఏడవని మనిషి అక్కడే కూలబడి ఏడ్చాడు.

తర్వాత అందరికీ తలా ఇన్ని పూలు పంచారు. నేను ఒకటి నోట్లో పెట్టుకున్నాను. పెట్టుకుని, కొరక్కుండా ఆగాను. ఎందుకు ఆగానో నాకే వెంటనే తెలియలేదు. నా దవడ మీద పడాల్సిన చెయ్యి కోసం చూస్తున్నాను. చుట్టూ అందరూ తింటున్నారు. ఆమె ఆకు మీద పూలకు అప్పుడే చీమలు పడుతున్నాయి. చెయ్యి రాలేదు. అప్పుడు కొరికాను.